ఇంటి ఎస్ప్రెసో యంత్రం

సన్నగా విసిరిన కాఫీ పొడి గుండా వేడి నీటిని అధిక పీడనంతో పంపి, అతి తక్కువ సమయంలో చిక్కని కాఫీని తయారు చేసే సాధనాన్ని ఎస్ప్రెసో యంత్రం అంటారు. ఈ యంత్రాలు ఇటలీలో పుట్టాయి. మొదట కాఫీ హోటళ్ళకే పరిమితమైనా తరువాత ఇళ్ళలోకి ప్రవేశించాయి. ఇంటి కొరకు తయారయ్యే యంత్రాలలో చేతి పనితో నడిచేవి, స్వయంచాలకమైనవి అని రెండు ప్రధాన తరగతులు ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలనేది ఇంట్లో ఎందరు కాఫీ తాగుతారు, ఎలాంటి కాఫీ కోరుకుంటారు, నీరు, విద్యుత్తు, మరమ్మతు సౌకర్యాలు ఎలా ఉన్నాయి అనే అంశాలపై ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ అంశాలను హైదరాబాదు, ముఖ్యంగా పాతబస్తీ పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించడం జరిగింది.

చరిత్ర

ఆవిరితో కాఫీ తయారు చేసే యంత్రానికి ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన ఆంజెలో మోరియోండో 1884లో పేటెంటు పొందాడు. ఆ యంత్రం ఒకేసారి ఎక్కువ మందికి కాఫీ చేసేది. మిలాన్ నగరానికి చెందిన లూయిజీ బెజ్జెరా 1901లో ఒక్కొక్క కప్పును విడివిడిగా తయారు చేసే పద్ధతిని రూపొందించాడు. ఆ పేటెంటు హక్కులను కొన్న దెసిదేరియో పవోని ఈ యంత్రాలకు ప్రచారం తెచ్చాడు. ఈ తొలి యంత్రాలలో ఆవిరి పీడనం రెండు బార్లకు మించేది కాదు. నీరు బాగా మరిగిపోవడం వలన కాఫీకి మాడిన రుచి వచ్చేది.

1940ల చివరలో ఆకిల్లే గాగియా స్ప్రింగుతో పనిచేసే మీట యంత్రాన్ని ప్రవేశపెట్టాడు. దీనివలన పీడనం ఎనిమిది, తొమ్మిది బార్లకు పెరిగింది. కాఫీ పైన బంగారు రంగు నురగ తేలడం అప్పుడే మొదలయ్యింది. ఈ నురగను క్రెమా అంటారు. 1961లో ఫేమా సంస్థ విడుదల చేసిన ఇ61 యంత్రంలో చేతి బలానికి బదులు విద్యుత్ పంపు చేరింది. లా పవోని సంస్థ ఇంటి కొరకు చిన్న మీట యంత్రాన్ని అందించినది కూడా 1960ల తొలినాళ్ళలోనే. గింజలు విసరడం నుండి కప్పు నింపడం వరకు అన్ని పనులూ తానే చేసుకునే ఇంటి యంత్రాన్ని సేకో సంస్థ 1985లో తెచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నెస్ప్రెసో కాప్స్యూల్ యంత్రాలు వచ్చాయి.

పనిచేసే విధానం

ఒక కప్పు ఎస్ప్రెసోకు 7 నుండి 9 గ్రాముల పొడి, 90 నుండి 96 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీరు, సుమారు 9 బార్ల పీడనం అవసరం. 25 నుండి 30 సెకన్లలో దాదాపు 25 నుండి 30 మిల్లీలీటర్ల కాఫీ దిగుతుంది. రెట్టింపు మోతాదుకు 14 నుండి 18 గ్రాముల పొడి వాడతారు.

దక్షిణ భారత ఫిల్టరులో నీరు తన బరువుతోనే పొడి గుండా చుక్కలుగా దిగుతుంది. కాబట్టి పొడి కొంచెం బరకగా ఉన్నా పరవాలేదు. ఎస్ప్రెసోలో అలా కాదు. పొడి బరకగా ఉంటే నీరు పది సెకన్లలోనే జారిపోయి కాఫీ పలచగా, పుల్లగా ఉంటుంది. మరీ మెత్తగా ఉంటే నీరు దిగక చేదెక్కుతుంది. అంటే ఎస్ప్రెసో నాణ్యతలో సగం పని విసరడంలోనే ఉంది. వంటింటి మిక్సీ జారులో పొడి సమానంగా పడదు. పెద్ద ముక్కలు, పిండి కలిసి వస్తాయి. అందువలన చేతి యంత్రం కొనేవారు తగిన కాఫీ గ్రైండరు ఖర్చును కూడా కలిపి లెక్కించుకోవాలి.

రకాలు

* మీట యంత్రాలు: చేతితో మీటను నొక్కి పీడనం కలిగిస్తారు. వీటిలో కొన్నింటికి విద్యుత్తు అవసరమే లేదు. పొయ్యి మీద కాచిన నీరు పోస్తే చాలు.
* అర్ధ స్వయంచాలక యంత్రాలు: పీడనం పంపు ఇస్తుంది. పొడి విసరడం, జల్లెడలో నింపడం, ట్యాంపరుతో అదమడం, నీటిని సమయానికి ఆపడం మనిషి పని. వాడుకలో చేతి యంత్రం అన్నప్పుడు ఎక్కువగా దీనినే ఉద్దేశిస్తారు.
* స్వయంచాలక యంత్రాలు: పై యంత్రాల వంటివే. అయితే నిర్ణీత పరిమాణం రాగానే నీరు దానంతట అదే ఆగిపోతుంది.
* పూర్తి స్వయంచాలక యంత్రాలు: గింజలు పోసి మీట నొక్కితే విసరడం, అదమడం, దించడం, పిప్పిని డబ్బాలో పడవేయడం అన్నీ యంత్రమే చేస్తుంది. కొన్నింటిలో పాలు నురగ చేసే గొట్టం కూడా ఉంటుంది.
* కాప్స్యూల్ యంత్రాలు: ముందే నింపి మూసిన చిన్న గుళికలను వాడతారు. ఒక్కొక్క గుళికలో సాధారణంగా 5, 6 గ్రాముల పొడి ఉంటుంది. శ్రమ తక్కువ, కప్పుకు అయ్యే ఖర్చు ఎక్కువ.

ఎస్ప్రెసో అనే మాటకు మన దేశంలో మరో అర్థం

పెళ్ళిళ్ళలోను, సంతలలోను ఎస్ప్రెసో లేక ఎక్స్‌ప్రెసో కాఫీ పేరుతో లభించేది ఇటలీ వారి ఎస్ప్రెసో కాదు. అక్కడ పాలు, చక్కెర, ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపిన పాత్రలోకి యంత్రం గొట్టం ద్వారా ఆవిరిని వదిలి బుసబుసమని నురగ తెప్పిస్తారు. పైన కొద్దిగా పొడి చల్లి ఇస్తారు. ఇందులో గింజలు విసరడం గాని, పొడి గుండా పీడనంతో నీటిని పంపడం గాని జరగదు. ఆ రుచిని ఆశించి ఖరీదైన యంత్రం కొన్నవారికి చిన్న కప్పులో వచ్చే చిక్కని చేదు కాఫీ నిరాశ కలిగించవచ్చు. ఇంటివారు కోరుకునేది ఆ నురగ కాఫీయే అయితే ఇన్‌స్టంట్ పొడి, పాలను గిలకొట్టే చిన్న సాధనం సరిపోతాయి. కాబట్టి ఏ యంత్రం అనే ప్రశ్నకు ముందు ఏ కాఫీ అనే ప్రశ్నకు సమాధానం తెలియాలి.

పాతబస్తీ నేపథ్యం

హైదరాబాదు పాతబస్తీ ప్రధానంగా చాయ్‌కి పేరు పొందింది. చార్మినారు పక్కనున్న నిమ్రా వంటి హోటళ్ళలో తేయాకు డికాక్షనును మూత బిగించిన పాత్రలో సన్నని సెగపై ఉంచుతారు. పాలను వేరుగా మరిగించి చిక్కబరుస్తారు. ఎవరైనా అడిగినప్పుడు రెండింటినీ కప్పులో కలిపి, ఉస్మానియా బిస్కట్లతో అందిస్తారు. ఇక్కడ పానీయపు సారం ముందే సిద్ధంగా ఉంటుంది. పది మంది ఒక్కసారి వచ్చినా ఆలస్యం కాదు. ఫిల్టరు కాఫీ డికాక్షను సూత్రం కూడా ఇదే.

ఎస్ప్రెసో దీనికి పూర్తిగా భిన్నమైనది. ప్రతి కప్పునూ అప్పటికప్పుడు తయారు చేయాలి, వెంటనే తాగాలి. ఉమ్మడి కుటుంబాలలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే బాయిలరు గల చిన్న అర్ధ స్వయంచాలక యంత్రంలో కాఫీ దించి, ఆవిరి కొరకు ఆగి, పాలు నురగ చేసేసరికి కప్పుకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎనిమిది మందికి అరగంట దాటుతుంది. పూర్తి స్వయంచాలక యంత్రంలో అదే పని పది, పన్నెండు నిమిషాలలో పూర్తి కావచ్చు. ఇంట్లో ఇద్దరే తాగేవారైతే ఈ తేడాకు ప్రాధాన్యం లేదు. ఒకేసారి ఎక్కువ మంది అతిథులు వచ్చే ఇళ్ళలో యంత్రం ఉన్నప్పటికీ ఫిల్టరును గాని, చాయ్ గిన్నెను గాని పక్కన పెట్టలేరు.

కాఫీతో పాతబస్తీకి అరబ్బు దేశాల ద్వారా కూడా సంబంధం ఉంది. బార్కస్ ప్రాంతంలో నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు నివసిస్తున్నారు. కాఫీ తాగే అలవాటు ప్రపంచానికి వ్యాపించినది యెమెన్ నుండే. గల్ఫ్ దేశాలలో ఏలకులు కలిపి కాచే కాఫీని గహ్వా అంటారు. ఏలకులు కలిపిన పొడిని, చక్కెర పాకం పట్టిన గింజలను పూర్తి స్వయంచాలక యంత్రపు గింజల పెట్టెలో వేయరాదు. అవి లోపలి గ్రైండరును పాడు చేస్తాయి.

విదేశాల నుండి తెచ్చే యంత్రాలు

పాతబస్తీ నుండి అనేకులు గల్ఫ్ దేశాలలోను, హైదరాబాదు ఇతర ప్రాంతాల నుండి అనేకులు అమెరికాలోను ఉద్యోగాలు చేస్తున్నారు. వారు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే యంత్రాల విషయంలో విద్యుత్తు తేడాలను గమనించాలి.

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దుబాయిలోను ఇంతే కనుక అక్కడి యంత్రానికి ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. సౌదీ అరేబియాలో 60 హెర్ట్జ్ వాడుక. ఇంటి యంత్రాలలోని చిన్న పంపు విద్యుత్తు పౌనఃపున్యాన్ని అనుసరించి కంపిస్తుంది. కాబట్టి యంత్రం అడుగున గల చీటీపై 50 హెర్ట్జ్ అని కూడా ఉన్నదీ లేనిదీ చూడాలి.

అమెరికా యంత్రాలు 120 వోల్టులవి. వీటిని నేరుగా ఇక్కడి ప్లగ్గులో పెడితే హీటరుపై పడే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా, అంటే దాదాపు 3.7 రెట్లు పెరిగి క్షణాలలో కాలిపోతుంది. 1500 వాట్ల యంత్రానికి కనీసం 2000 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది బరువైనది, పౌనఃపున్యాన్ని మార్చదు. పైగా ఒక దేశంలో కొన్న యంత్రానికి మరో దేశంలో వారంటీ సాధారణంగా వర్తించదు.

ఇక్కడ కొన్న యంత్రానికి కూడా సరైన సాకెట్టు అవసరం. 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద 1380 వాట్లు మాత్రమే మోయగలదు. 1450 వాట్ల యంత్రానికి 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. ఇంటి ఇన్వర్టర్లు సాధారణంగా ఇలాంటి హీటర్లను మోయలేవు. విద్యుత్తు లేనప్పుడు పనిచేసేది మీట యంత్రం ఒక్కటే.

నీరు

ఎస్ప్రెసో యంత్రాలు పాడవడానికి ముఖ్య కారణాలలో నీటి కఠినత్వం ఒకటి. కఠిన జలాన్ని వేడి చేసినప్పుడు కాల్షియం కార్బొనేటు పొరలుగా పేరుకొని సన్నని గొట్టాలను మూసివేస్తుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నుండి నగరానికి వచ్చే నల్లా నీటి కంటే బోరు నీరు సాధారణంగా ఎక్కువ కఠినంగా ఉంటుంది. బోరు నీటిని నేరుగా యంత్రంలో పోయరాదు.

ఆర్.ఓ. శుద్ధి యంత్రపు నీటితో పొర పట్టదు. అయితే లవణాలు మరీ తక్కువైతే కాఫీ రుచి చప్పబడుతుంది. అంతేకాక నీటి మట్టాన్ని విద్యుద్వాహకత ద్వారా గుర్తించే కొన్ని యంత్రాలు అలాంటి నీటిని గుర్తించలేవు. ఆర్.ఓ. నీటిలో కొంత నల్లా నీటిని కలపడం ఒక మధ్యే మార్గం. పొరను తొలగించడానికి తయారీదారు సూచించిన ద్రావణాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి వాడాలి. పూర్తి స్వయంచాలక యంత్రాలు ఈ సమయాన్ని దీపం ద్వారా సూచిస్తాయి. చేతి యంత్రాలలో చాలావాటిలో ఆ గుర్తు మనిషే పెట్టుకోవాలి.

గింజలు, పొడి, పాలు

భారతదేశంలో పండే కాఫీలో అధిక భాగం ఎగుమతి అవుతుంది. అందులో ఇటలీ ప్రధాన కొనుగోలుదారు. క్రెమా బాగా రావడానికి ఇటలీ వారు తమ మిశ్రమాలలో భారతీయ రొబస్టాను కలుపుతారు. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గింజలను ఎస్ప్రెసోకు కూడా వాడవచ్చు.

బజారులో దొరికే ఫిల్టరు పొడిలో చాలా భాగం చికోరీ కలిసినది. చికోరీ నీటిలో త్వరగా కరిగి, ఉబ్బి, జల్లెడ రంధ్రాలను మూస్తుంది. దానిని ఎస్ప్రెసో యంత్రంలో వాడకపోవడమే మంచిది. గ్రైండరు లేనివారి కొరకు చిన్న యంత్రాలతో పాటు రెండు గోడల జల్లెడ ఇస్తారు. దీనిలో పీడనం జల్లెడ రంధ్రం వలన ఏర్పడుతుంది కనుక ముందే విసిరిన పొడితో కూడా నురగ వస్తుంది. రుచి మాత్రం తాజాగా విసిరిన పొడికి సాటి రాదు.

పాల విషయంలో కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచిన పాలు రెండు రకాల యంత్రాలకూ పనికి వస్తాయి. కాని మీగడను వడకట్టాలి. మీగడ తునకలు పూర్తి స్వయంచాలక యంత్రపు సన్నని పాల గొట్టంలో ఇరుక్కుంటాయి. చేతి యంత్రపు ఆవిరి గొట్టాన్ని తడి గుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదిలితే శుభ్రమవుతుంది.

ఖర్చు, నిర్వహణ

రోజుకు నాలుగు రెట్టింపు మోతాదులు 18 గ్రాముల చొప్పున తయారు చేస్తే 72 గ్రాములు, నెలకు రెండు కిలోలకు పైగా గింజలు కావాలి. కొన్నేళ్ళ వాడకంలో గింజల ఖర్చు యంత్రం ధరను మించిపోవచ్చు. చేతి యంత్రంలో కొత్త పొట్లం విప్పిన ప్రతిసారి విసురును సరిచేసుకోవడానికి రెండు, మూడు కప్పులు వృథా అవుతాయి.

చేతి యంత్రంలో భాగాలు తక్కువ. రబ్బరు వాషరు, జల్లెడ వంటివి ఇంటి వద్దనే మార్చవచ్చు. పూర్తి స్వయంచాలక యంత్రంలో గ్రైండరు, మోటార్లు, సెన్సర్లు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒకటి చెడితే మొత్తం యంత్రం సర్వీసు సెంటరుకు చేరవలసిందే. కొనే ముందు ఆ సంస్థకు నగరంలో సర్వీసు సెంటరు ఉన్నదో లేదో విచారించడం మంచిది. వానాకాలంలో పిప్పి డబ్బాలో బూజు త్వరగా పడుతుంది. దానిని రోజూ ఖాళీ చేసి, లోపలి కాఫీ దించే భాగాన్ని తీయగలిగితే వారానికి ఒకసారి కడగాలి.

ఎంపిక

ఒకరిద్దరు తాగేవారై, నేర్చుకునే ఓపిక ఉండి, రుచిలో మార్పులు చేసుకోవాలనుకుంటే చేతి యంత్రం, మంచి గ్రైండరు తగినవి. పరిమితమైన డబ్బులో యంత్రం కంటే గ్రైండరుకు ప్రాధాన్యం ఇవ్వడం మేలు. ఇంట్లో నలుగురైదుగురు వేర్వేరు సమయాలలో తాగేవారై, పెద్దలు, పిల్లలు కూడా సులభంగా వాడవలసి ఉంటే పూర్తి స్వయంచాలక యంత్రం అనువైనది. రంజాన్ మాసంలో సహరీ వేళ నిద్రమత్తులో ఒక్క మీటతో కాఫీ దొరకడం సౌకర్యమే. అయితే గ్రైండరు చప్పుడు గోడలు ఆనుకొని ఉన్న ఇళ్ళలో ఇరుగుపొరుగుకు వినిపిస్తుంది. అలాంటి చోట చేతితో తిప్పే గ్రైండరు నయం. పాలు ఎక్కువగా కలిపిన కాఫీని ఒకేసారి పది మందికి ఇవ్వవలసిన ఇంటికి ఈ రెండింటి కంటే ఇత్తడి లేక స్టీలు ఫిల్టరు చవకైనది, మన్నికైనది.

ఇవి కూడా చూడండి

* కాఫీ
* ఫిల్టరు కాఫీ
* ఇరానీ చాయ్
* అరకు లోయ
* చికోరీ