ఫొటో మారింది, కొలతలు మారలేదు: జాంగో ఇమేజ్‌ఫీల్డ్‌లో విడ్త్, హైట్ ఎందుకు తప్పుతాయి?

ఈ ఎపిసోడ్ జాంగో మీద. మీలో చాలామంది జాంగోతో ఒక చిన్న ప్రాజెక్టైనా చేసుంటారు, అందులో ఫొటో అప్‌లోడ్ కూడా పెట్టుంటారు. ఇవాళ మాట్లాడుకునేది ఆ ఫొటో వెడల్పు, ఎత్తు అని డేటాబేస్‌లో రాసిపెట్టుకునే రెండు అంకెల గురించి. రెండంకెలే కదా అనుకోకండి. వాటివల్ల నేను ఒకసారి బాగా ఇబ్బంది పడ్డాను. ముందు అది చెప్తాను.

మా అక్క ఇంట్లోనే చీరలు అమ్ముతుంది. తనకోసం సైట్ నేనే చేసిచ్చాను. ఫొటోలన్నీ తన ఫోన్‌లో, నిలువుగా తీసినవి. ఒక రోజు ఫోన్ చేసి, "ఒరేయ్, ఒక చీర నొక్కితే ఇంకో చీర కార్ట్‌లో పడుతోందంట్రా, ఇద్దరు కస్టమర్లు తిట్టారు" అంది. నేను నా లాప్‌టాప్‌లో చూస్తే అంతా బాగానే ఉంది. మామూలు ఫోన్‌లో, స్లో నెట్‌లో ఓపెన్ చేశాక అప్పుడు కనపడింది. ఫొటో లోడ్ అవగానే పేజీ ఒక్కసారిగా కిందికి జారుతోంది. మీరు బటన్ మీద వేలు పెట్టేలోపు ఆ బటన్ అక్కడ ఉండదు. కారణం వెతికితే తేలింది ఏంటంటే, డేటాబేస్‌లో ఉన్న కొలతలు తప్పు. రాసింది జాంగోనే, రాయించింది నేను. తప్పు నాదే.

అసలు కొలతలు ఎందుకు దాచుకోవాలి?

హెచ్‌టీఎంఎల్‌లో ఇమేజ్ ట్యాగ్‌కి విడ్త్, హైట్ ఇస్తే, ఫొటో ఇంకా రాకముందే బ్రౌజర్ ఆ నిష్పత్తిలో ఖాళీ జాగా వదిలిపెడుతుంది. ఫొటో వచ్చి ఆ జాగాలో కూర్చుంటుంది, పేజీ కదలదు. ఆ కొలతలు తప్పైతే బ్రౌజర్ వదిలే జాగా కూడా తప్పే. ఫొటో వచ్చాక అసలు నిష్పత్తికి సర్దుకుంటుంది, కింద ఉన్నదంతా జరుగుతుంది. దీన్నే లేఅవుట్ షిఫ్ట్ అంటారు. గూగుల్ కూడా దీన్ని కొలుస్తుంది. ఆ స్కోరు 0.1 లోపు ఉంటే బాగున్నట్టు లెక్క.

ఇప్పుడు మా అక్క సైట్ లెక్క చూడండి. ఫోన్ స్క్రీన్ వెడల్పు 360 పిక్సెల్స్ అనుకుందాం. డేటాబేస్‌లో 4000 వెడల్పు, 3000 ఎత్తు అని ఉంది. బ్రౌజర్ 270 ఎత్తు జాగా వదిలింది. కానీ ఫొటో నిజంగా నిలువు ఫొటో, 3000 వెడల్పు, 4000 ఎత్తు. దానికి కావాల్సింది 480. అంటే ఒక్కో ఫొటోకి 210 పిక్సెల్స్ జంప్. బటన్ పక్కకి పోవడానికి ఇది చాలు.

సరే, ప్రతిసారీ ఫైల్ ఓపెన్ చేసి కొలుచుకోవచ్చు కదా? కొలవచ్చు. టెంప్లేట్‌లో ఫొటో.విడ్త్ అని రాస్తే జాంగో చేసేది అదే, ఫైల్ తెరిచి చూస్తుంది. లిస్టులో 50 చీరలుంటే 50 ఫైళ్లు తెరవాలి. ఫైళ్లు ఎస్3 లాంటి స్టోరేజ్‌లో ఉంటే నెట్‌వర్క్ మీద 50 సార్లు వెళ్లిరావాలి. అందుకే ఒకసారి కొలిచి కాలమ్‌లో పెట్టుకుంటాం.

జాంగో ఎప్పుడు కొలుస్తుంది?

ఇమేజ్‌ఫీల్డ్‌కి విడ్త్_ఫీల్డ్, హైట్_ఫీల్డ్ అని రెండు ఆప్షన్లున్నాయి. మోడల్‌లో ఫొటో_విడ్త్, ఫొటో_హైట్ అని రెండు పాజిటివ్ ఇంటీజర్ ఫీల్డ్స్ పెట్టి, వాటి పేర్లు ఇక్కడ ఇస్తే చాలు. నింపే పని జాంగోది. కొలవడానికి వెనకాల పిల్లో లైబ్రరీని వాడుతుంది.

ఇక్కడే అందరం పొరపడతాం. 'జాంగో నింపుతుంది' అంటే 'ఎప్పుడూ కరెక్ట్‌గా ఉంచుతుంది' అనుకుంటాం. అలా కాదు. జాంగో కొలిచే సందర్భాలు రెండే రెండు.

ఒకటి, పైథాన్‌లో ఒక ఆబ్జెక్ట్‌కి మీరు కొత్త ఫొటో అసైన్ చేసినప్పుడు. చీర.ఫొటో ఈక్వల్ టు కొత్త ఫైల్ అన్నామా, ఆ క్షణంలోనే కొలిచి, ఆ ఆబ్జెక్ట్‌లో రెండంకెలు మారుస్తుంది. డేటాబేస్‌లో కాదు, మెమరీలో.

రెండు, డేటాబేస్ నుంచి ఆబ్జెక్ట్ లోడ్ అయినప్పుడు, అదీ కొలతలు ఖాళీగా ఉంటేనే. అంకెలు నిండి ఉంటే, అవి తప్పో ఒప్పో చూడదు, నమ్మేస్తుంది.

అంటే ఆ రెండంకెలు ఒక జిరాక్స్ కాపీ లాంటివి. ఒరిజినల్ మారినప్పుడు జిరాక్స్ తనంతట తాను మారదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతా ఎపిసోడ్ అంతా ఈజీ.

జిరాక్స్ పాతబడే దారులు

మొదటిది, క్వెరీసెట్ అప్‌డేట్. ఆబ్జెక్ట్స్.ఫిల్టర్ చేసి, .అప్‌డేట్‌లో ఫొటో పాత్ మార్చారనుకోండి. అది నేరుగా ఎస్‌క్యూఎల్‌కి వెళ్తుంది. అసైన్‌మెంట్ జరగలేదు, కాబట్టి కొలవడం కూడా జరగలేదు. పాత్ కొత్తది, కొలతలు పాతవి.

రెండోది, సేవ్‌లో అప్‌డేట్_ఫీల్డ్స్. స్పీడ్ కోసం అప్‌డేట్_ఫీల్డ్స్‌లో 'ఫొటో' ఒక్కటే రాస్తాం. మెమరీలో జాంగో కొత్త కొలతలు కరెక్ట్‌గానే పెట్టింది. కానీ ఫొటో కాలమ్ ఒక్కటే రాయమని మనమే చెప్పాం, అది ఒక్కటే రాసింది. ప్రింట్ చేసి చూస్తే అప్పటికి కరెక్ట్‌గానే కనపడుతుంది, మళ్లీ లోడ్ చేస్తే పాతవి. ఈ బగ్ పట్టుకోవడం కష్టం. బల్క్_అప్‌డేట్‌లో కూడా ఇదే కథ. ఫొటో పేరు రాసే చోట మూడు పేర్లూ రాయాలి.

మూడోది మీలో చాలామంది కోడ్‌లో ఇప్పుడే ఉండుంటుంది. ప్రొఫైల్ ఫొటో చిన్నది చేసే ట్యుటోరియల్ గుర్తుందా? సేవ్ మెథడ్ ఓవర్‌రైడ్ చేస్తారు. ముందు సూపర్ సేవ్, తర్వాత పిల్లోతో అదే పాత్ తెరిచి, థంబ్‌నెయిల్ చేసి, అదే పాత్ మీద మళ్లీ సేవ్. చూడ్డానికి బాగుంటుంది. కానీ కొలతలు రాసింది సూపర్ సేవ్‌లో, చిన్నది చేసింది ఆ తర్వాత. డేటాబేస్‌లో 4000, 3000. డిస్క్ మీద 800, 600. థంబ్‌నెయిల్ నిష్పత్తి మార్చదు కాబట్టి పేజీ జంప్ అవ్వదు, మీకు తెలీదు కూడా. రేపు అదే కోడ్‌లో చతురస్రంగా క్రాప్ చేశారా, అప్పుడు బయటపడుతుంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఆ సేవ్ చివర్లో మళ్లీ కొలవమని జాంగోకి చెప్పినా, అదే ఫైల్ ఆబ్జెక్ట్ ఇంతకుముందు కొలిచింది క్యాష్‌లో పెట్టుకుని ఉంటుంది, అదే తిరిగిస్తుంది. అందుకే చిన్నది చేసేదేదైనా అసైన్ చేయకముందే చేయాలి.

నాలుగోది, బయటి స్క్రిప్టులు. సర్వర్‌లో జాగా అయిపోతోందని ఫొటోలన్నీ ఒక స్క్రిప్టుతో కంప్రెస్ చేసి, అవే పేర్లతో పెట్టేస్తాం. డేటాబేస్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఫోన్ ఫొటోల తిరకాసు

మరి మా అక్క సైట్‌లో జరిగింది ఈ నాలుగింటిలో ఏది? ఏదీ కాదు. అక్కడ మొదటి రోజే తప్పు కొలత పడింది.

మీరు ఫోన్ నిలువుగా పట్టుకుని ఫొటో తీసినా, చాలా ఫోన్లలో సెన్సర్ అడ్డంగానే రాస్తుంది. దాంతోపాటు ఫైల్‌లో ఎక్సిఫ్ అనే చోట ఒక చిన్న నోట్ పెడుతుంది, 'దీన్ని తిప్పి చూపించు' అని. దాని పేరు ఓరియంటేషన్. 1 నుంచి 8 వరకు విలువలు. 5, 6, 7, 8 వస్తే వెడల్పు, ఎత్తు తారుమారవుతాయి. బ్రౌజర్లు ఇప్పుడు ఆ నోట్ చదివి ఫొటోని తిప్పి చూపిస్తాయి. మన గ్యాలరీ యాప్ కూడా అంతే. కానీ జాంగో కొలిచేటప్పుడు ఆ నోట్ చదవదు. ఫైల్‌లో పిక్సెల్స్ ఎలా పడుకుని ఉన్నాయో అలాగే కొలుస్తుంది. దానికి 4000, 3000. చూసేవాళ్లకి 3000, 4000. ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టే, మధ్యలో కస్టమర్ వేలు తప్పు చీర మీద పడింది.

మందు ఏంటంటే, పిల్లోలోనే ఇమేజ్‌ఆప్స్‌లో ఎక్సిఫ్_ట్రాన్స్‌పోజ్ అనే ఫంక్షన్ ఉంది. అది పిక్సెల్స్‌నే నిజంగా తిప్పి, ఆ నోట్ తీసేస్తుంది. ఫొటో లోపలికి వచ్చే దగ్గరే, అంటే ఫామ్ క్లీన్ మెథడ్‌లో, దీన్ని పెట్టండి. తిప్పండి, చిన్నది చేయాలంటే అక్కడే చేయండి, మెమరీలో కొత్త ఫైల్‌గా రాయండి, అప్పుడు మోడల్‌కి ఇవ్వండి. జాంగో కొలిచేసరికి ఫొటో దాని ఫైనల్ రూపంలో ఉంటుంది. ఒక చిన్న జాగ్రత్త: ఆ ఫంక్షన్ తిరిగిచ్చే ఇమేజ్‌కి ఫార్మాట్ అనే సమాచారం ఉండదు, నన్ అని వస్తుంది. కాబట్టి జేపెగ్గా, పీఎన్‌జీనా అనేది తిప్పకముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి.

కాలమ్స్ తర్వాత కలిపితే

ఇంకో సీన్. సైట్ ఏడాదిగా నడుస్తోంది, ఇవాళ ఈ రెండు కాలమ్స్ కలిపారు. మైగ్రేషన్ అయింది, పాత వరుసలన్నిట్లో నల్. ఇప్పుడు రెండో సందర్భం గుర్తు తెచ్చుకోండి: ఖాళీగా ఉంటే లోడ్ అయినప్పుడు కొలుస్తుంది. అంటే లిస్ట్ పేజీ తెరిచిన ప్రతిసారీ, ప్రతి వరుసకీ, ఫైల్ తెరుస్తుంది. కొలిచింది డేటాబేస్‌లో రాస్తుందా? రాయదు, మనం సేవ్ చేస్తే తప్ప. స్పీడ్ కోసం పెట్టిన కాలమ్స్ వల్లే సైట్ స్లో అవుతుంది.

ఇంకా దారుణం, వాటిలో ఒక్క ఫైల్ డిస్క్ మీద లేకపోయినా ఆ వరుస లోడ్ అయ్యేటప్పుడే ఎర్రర్. ఒక్క చీర ఫొటో పోతే మొత్తం లిస్ట్ పేజీ పడిపోతుంది.

అలాగని నల్ వద్దని మాత్రం పెట్టకండి. ఫొటో తీసేసినప్పుడు జాంగో ఈ రెండూ నన్ చేస్తుంది. నల్ ఈక్వల్స్ ట్రూ లేకపోతే సేవ్ దగ్గర ఆగిపోతుంది. ఎడిటబుల్ ఈక్వల్స్ ఫాల్స్ కూడా పెట్టండి, అడ్మిన్‌లో ఎవరూ చేత్తో మార్చకుండా.

పాతవి ఎలా సరిచేశాను

ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాశాను. దాంట్లో నాలుగు సంగతులు ముఖ్యం.

ఆబ్జెక్ట్స్ లోడ్ చేయలేదు. వాల్యూస్_లిస్ట్‌తో ఐడీ, ఫొటో పాత్, రెండు కొలతలు మాత్రమే తెచ్చుకున్నాను. అలా చేస్తే మోడల్ ఆబ్జెక్టే తయారవదు, కాబట్టి జాంగో తనంతట తాను ఫైళ్లు తెరవదు, ఫైల్ లేకపోతే క్రాష్ అవ్వదు.

ఫైల్‌ని స్టోరేజ్ ద్వారానే తెరిచాను, .పాత్ వాడలేదు. రేపు ఎస్3కి మారితే .పాత్ పనిచేయదు.

పిల్లోతో సైజ్ చూసి, ఎక్సిఫ్‌లో 274 నంబర్ ట్యాగ్, అదే ఓరియంటేషన్, 5 నుంచి 8 మధ్యలో ఉంటే రెండూ తారుమారు చేశాను. చూసేవాళ్లకి కనపడే కొలతే మనకి కావాలి.

మొదటిసారి ఏమీ మార్చకుండా, తేడా ఉన్నవాటి ఐడీలు, ఫైల్ లేనివాటి ఐడీలు ప్రింట్ మాత్రమే చేయించాను. అవి చూసుకున్నాక రెండోసారి .అప్‌డేట్‌తో కొలతలు రాయించాను. ఇందాక తిట్టిన .అప్‌డేట్ ఇక్కడ సరైనదే, ఎందుకంటే ఇప్పుడు కొలిచింది మనమే.

ఈ కమాండ్ ఒక్కసారికి కాదు. క్రాన్‌లో రాత్రి పూట, చెక్ మోడ్‌లో పెట్టుకోండి. తేడా వస్తే ఎవరో వేరే దారిలో ఫొటో మార్చారని తెలుస్తుంది.

చివరగా ఒక టెస్ట్ రాయండి, పది లైన్లు కూడా అవదు. పిల్లోతో 30 వెడల్పు, 20 ఎత్తు జేపెగ్ తయారు చేసి, ఓరియంటేషన్ 6 పెట్టండి. మీ ఫామ్ ద్వారా పంపించి సేవ్ చేయండి. రిఫ్రెష్_ఫ్రమ్_డీబీ చేసి, 20, 30 వచ్చిందా చూడండి. ఆ రిఫ్రెష్ మర్చిపోవద్దు. అది లేకపోతే మీరు చూసేది మెమరీలో ఉన్న అంకెలు, డేటాబేస్‌లో ఉన్నవి కాదు.

అంతే ఫ్రెండ్స్. ఫొటో లోపలికి రావడానికి ఒకే గుమ్మం ఉంచండి, తిప్పడం, చిన్నది చేయడం అంతా ఆ గుమ్మం దగ్గరే అయిపోవాలి, ఇంకెవరైనా కిటికీలోంచి దూరారేమో రాత్రికి ఒకసారి చూసుకోండి. మా అక్క సైట్‌లో ఇప్పుడు నొక్కిన చీరే కార్ట్‌లో పడుతోంది. మీ ప్రాజెక్ట్ మోడల్స్ ఫైల్ ఒకసారి తెరిచి, సేవ్ మెథడ్‌లో ఆ ట్యుటోరియల్ కోడ్ ఉందేమో ఇవాళే చూడండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.