గుప్తవిద్యా సంఘములు – స్త్రీలకు మూసిన తలుపు

పాశ్చాత్య దేశములలో చర్చికి పక్కగా మరొక ధార నడిచినది. దీక్ష, రహస్య సంకేతములు, మెట్టు మెట్టుగా అందు జ్ఞానము – ఇది దాని తీరు. ఫ్రీమేసన్లు, దివ్యజ్ఞాన సమాజము వారు ఈ కోవలోని వారే. మన పోర్ట్ లూయిలో 1778లోనే ఫ్రీమేసన్ల లాడ్జి వెలసినది గనుక ఆ పేరు మనకు కొత్త కాదు. ఈ సంఘములు స్త్రీ పురుష భేదమును ఎట్లు చూచినవో ఇక్కడ చెప్పదలచినాము.

1723లో జేమ్స్ ఆండర్సన్ అను పాదిరి లండనులో ఫ్రీమేసన్ల నియమావళిని అచ్చు వేయించినాడు. స్వతంత్రులుగా పుట్టిన పురుషులు మాత్రమే చేరవలెనని, దాసులు గాని స్త్రీలు గాని చేరరాదని అందులోని నియమము. దాసులు, స్త్రీలు ఒకే వాక్యములో పక్కపక్కన నిలిచి గడప బయట ఉండిపోయినారు. మనవంటివారు ఇక్కడ కొంచెము ఆగి చూడవలెను. కోరంగి రేవున ఒప్పంద కాగితము మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కిన మన ముత్తాతలు చట్ట ప్రకారము దాసులు కారు. కాని బానిసలు వదలిన చెరకు తోటలలోనే వంగి పని చేసినారు. ఒకరి అదుపులో ఉన్నవారు రహస్యము కాపాడలేరని ఆనాటివారు తలచిరి కాబోలు. ఆ కాలపు ఇంగ్లీషు చట్టములో పెండ్లియైన స్త్రీ కూడ భర్త అదుపులోనిదే.

బానిసత్వము రద్దయిన తరువాత 1847లో ఇంగ్లండు గ్రాండు లాడ్జి ఆ నియమమును సవరించినది. పుట్టుకతో స్వతంత్రుడు కాకపోయినను, ఇప్పుడు స్వతంత్రుడైతే చాలునన్నది. స్త్రీల మాట మాత్రము అట్లే ఉండిపోయినది.

ఫ్రాన్సులో మరియా దెరేం అను గొప్ప వక్తను 1882లో లె పెక్ అను ఊరి లాడ్జి చేర్చుకొన్నది. పై సంఘము ఒప్పుకొనలేదు. ఆమె పట్టు విడువక, జార్జ్ మార్తాఁ అను వైద్యునితో కలిసి 1893లో స్త్రీ పురుషులకు సమానముగా దీక్ష ఇచ్చు సంఘమును పారిసులో స్థాపించినది. అదే తరువాత 'ల ద్రువా ఉమాఁ'గా పేరుపొందినది.

1902లో అందులో చేరి, దానిని లండనుకు తెచ్చినది అనీబిసెంటమ్మ. ఈమె కథలో ఒక చిక్కు ఉన్నది. సంతాన నిరోధమును గూర్చిన చిన్న పుస్తకమును ప్రచురించినందుకు 1877లో కోర్టుకెక్కి, మరుసటి ఏడు కన్నకూతురిని పోగొట్టుకొన్న ధీర ఆమె. 1889లో దివ్యజ్ఞాన సమాజములో చేరిన పిమ్మట, ఆ విషయముపై తాను వ్రాసిన పుస్తకమును తానే ఉపసంహరించుకొన్నది. ఆత్మకు ఆడ మగ లేదు, ఒక జన్మలో స్త్రీ మరొక జన్మలో పురుషుడు కావచ్చును అని ఆ సమాజపు బోధ. ఆ బోధ స్త్రీని వేదిక ఎక్కించినది. శరీరము సంగతిని మాత్రము ఇంద్రియ నిగ్రహమునకు వదలినది. ఏటేటా కాన్పులతో నలిగిన తోట కూలి స్త్రీకి ఈ నిగ్రహ బోధ ఎంత అక్కరకు వచ్చునో మాకు సందేహమే.

అయినను మేలు జరుగలేదనలేము. 1917లో మద్రాసులో భారత మహిళా సంఘము పుట్టినది ఈ సమాజపు స్త్రీల చేతులలోనే. అందులో ముఖ్యురాలు మార్గరెట్ కజిన్స్ మన మదనపల్లెలో కొంతకాలము నివసించినది. 1921లో మద్రాసు రాజధానిలో స్త్రీలకు వోటు వచ్చుటకు వీరి శ్రమ కూడ కారణము.

ఫ్రాన్సులోని గ్రాండ్ ఓరియెంటు 2010లో గాని తన లాడ్జిలకు స్త్రీలను చేర్చుకొను స్వేచ్ఛ ఇవ్వలేదు. ఇంగ్లండు గ్రాండు లాడ్జి నేటికిని పురుషులనే చేర్చుకొనును. అయితే చేరిన తరువాత స్త్రీగా మారిన సభ్యునికి సభ్యత్వము పోదని 2018లో ప్రకటించినది.