మానిన మనిషికి పని



దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. అది నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. 1992లో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడిలో సారా గురించి పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. అందరూ కలిసి సారా కొట్టు మూయించారు. ఆ మాట ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా అమ్మకం నిషేధించారు. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. బ్రాందీ షాపులు మళ్లీ తెరిచారు.

కొట్టు మూయించడం ఒక పని. తాగుడు మానిన మనిషిని మళ్లీ పనిలో నిలబెట్టడం ఇంకో పని. మొదటిది నలుగురూ కలిసి బజారులో చేసేది. రెండోది ఇంట్లో, రోజూ, మెల్లగా చేసేది. ఈ పాఠం ఆ రెండో పని గురించి.

మా ఇంటి సంగతి

మా నాయన బేల్దారి పని చేస్తాడు. నేను పదో తరగతి చదివేటప్పుడు ఆయన ఆసుపత్రిలో చేరి తాగుడు మానాడు. ఇంటికి వచ్చిన వారానికే పనికి పోయాడు. ఇంట్లో అప్పులున్నాయి. "ఇట్లా కూచుంటే ఎట్లా?" అని మేమే తొందర పెట్టాం. నేనూ అన్నాను. నాకు పరీక్ష ఫీజు కట్టాలి మరి.

ఇరవై రోజులు బాగానే గడిచాయి. ఇరవై ఒకటో రోజు ఒక ఇంటికి శ్లాబు వేశారు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఏడు దాకా పని. శ్లాబు వేసిన రోజు కూలీలకు మందు పోయించడం మా వైపు వాడుక. ఒళ్లంతా ఎండకు కాలిపోయి ఉంది. కడుపులో ఆకలి. చేతిలో కూలి డబ్బులు. పక్కన పాత స్నేహితులు. "ఒక్క గ్లాసే గదన్నా, ఏం కాదులే" అన్నారు. ఆ రాత్రి మా నాయనను ఇద్దరు మోసుకొచ్చారు.

మా అమ్మ ఏడ్చింది. "ఎంత చేసినా ఈ మనిషి మారడు" అనింది. నేనూ అట్లాగే అనుకున్నాను. మళ్లీ ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. మూడు ప్రశ్నలు అడిగింది. "ఆయన ఏ పనికి పోయినాడు? ఎవరితో పోయినాడు? కూలి ఎక్కడ ఇచ్చినారు?"

మేము ఆ మూడూ ఎప్పుడూ అడగలేదు. "కూలి ఎంత?" అని ఒక్కటే అడిగాం.

మొదటి రోజులు

తాగుడు మొదట అలవాటు. ముదిరితే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. జబ్బు నుంచి లేచిన మనిషికి కొంత విశ్రాంతి కావాలి.

రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తట్టుకోలేదు. ఒక రోజు లోపలే చేతులు వణుకుతాయి. చెమట పడుతుంది. నిద్ర పట్టదు. రెండు రోజుల లోపల కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరు మనుషులను గుర్తు పట్టరు. లేనివి ఉన్నట్టు కనబడతాయి. ఇది దయ్యం కాదు. భూతవైద్యుడి దగ్గరికి పోవద్దు. ప్రాణం పోయే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టకండి. నోట్లో ఏమీ కుక్కకండి.

అందుకే బాగా తాగే మనిషి డాక్టరు చూస్తుండగా మానడం మంచిది.

ఇంకో సంగతి. డాక్టర్లు కొందరికి ఒక రకం మాత్ర ఇస్తారు. అది వేసుకుని మందు తాగితే గుండె దడదడలాడుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అది ఆయనకు తెలిసి, ఆయన ఒప్పుకుని వేసుకోవలసిన మాత్ర. తెలియకుండా కూరలో కలిపి పెట్టకండి. "మాన్పించే పొడి" అని సంతలో అమ్మేవి కొనకండి.

ఏ పని? ఎవరితో? ఎక్కడ?

ఒళ్లు కుదుటపడ్డాక పని కావాలి. ఖాళీగా కూచుంటే మనసు మందు మీదికే పోతుంది. పని ఉంటే పొద్దున లేస్తాడు. స్నానం చేస్తాడు. నలుగురూ పేరు పెట్టి పిలుస్తారు. ఆ విధంగా పని కూడా మందే, నయం చేసే మందు. కానీ పని ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి.

మొదటి ప్రశ్న, ఏ పని? మొదట్లో నిద్ర సరిగా పట్టదు. తల బరువుగా ఉంటుంది. కొన్ని మాత్రలకు మగత వస్తుంది. అందుకని సారవ ఎక్కే పని, కోత మిషను పని, ఆటో, లారీ తోలే పని వెంటనే వద్దు. ఎప్పుడు మొదలు పెట్టవచ్చో డాక్టరును అడగండి. ఫిట్స్ వచ్చిన మనిషి తప్పకుండా అడగాలి. రాత్రి కాపలా పనీ వద్దు. ఒంటరితనం, నిద్ర లేకపోవడం రెండూ కలుస్తాయి. నేల మీద ఉండి చేసే పని, సగం పూట పని మంచిది. గేదెల పని, చేను పని, కూరగాయల బండి, ఊళ్లో ఉపాధి పని, ఏదైనా సరే.

రెండో ప్రశ్న, ఎవరితో? పని చిన్నదైనా పక్కన తాగని మనుషులు ఉంటే మేలు. కూలి పెద్దదైనా పాత జట్టుతో ఐతే వద్దు. దూర దేశానికి వలస పనీ మొదట్లో వద్దు. అక్కడ చెయ్యి పట్టి ఆపేవాళ్లు ఉండరు.

మూడో ప్రశ్న, ఎక్కడ? పనికి పోయే దారిలో బ్రాందీ షాపు ఉందా? ఉంటే వేరే దారి చూసుకోవాలి. కొంచెం చుట్టు తిరిగినా పరవాలేదు.

మేస్త్రికి చెప్పాలా?

ఊరంతా చెప్పనక్కర లేదు. పని ఇచ్చే మనిషి మంచివాడైతే ఆయనకు ఒక్కడికి చెబితే మేలు. ముందు ఇంటాయన ఒప్పుకోవాలి. ఆయనే చెబితే ఇంకా మంచిది. మా నాయనా అమ్మా ఇద్దరూ కలిసి ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి పోయారు.

"మేస్త్రీ, నేను తాగుడు మాన్నాను. మధ్యలో ఒకసారి తప్పినాను. మళ్లీ మాన్నాను. కింద చేసే పని ఉంటే ఇప్పించు" అన్నాడు నాయన.

"కూలి తక్కువ పడతది మరి" అన్నాడు మేస్త్రి.

"తక్కువైనా సరే అన్నా. సాయంత్రం ఐదుకు పంపించు. డబ్బులు మాత్రం శనివారం పొద్దున ఇయ్యి. నేనూ వస్తా" అనింది అమ్మ.

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా తమ్ముడు దీంతోనే పోయినాడమ్మా" అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

అందరూ ఇట్లా ఒప్పుకోరు. "తాగుబోతుకు పనేంది?" అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు వాదించకండి. ఇంకో చోట అడగండి. పదిమంది మాట కన్నా పది రోజులు టైముకు పోయిన మనిషికే విలువ వస్తుంది.

బట్వాడా రోజు

అన్ని రోజులలోకీ కష్టమైన రోజు కూలి ఇచ్చే రోజు. తాగుడు మానిన వాళ్లు నాలుగింటికి భయపడాలని పెద్దలు చెబుతారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. బట్వాడా నాటి సాయంత్రం ఈ నాలుగూ ఒకేసారి వస్తాయి. చేతిలో డబ్బు వాటికి తోడవుతుంది.

అందుకని ముందే అనుకోండి. కూలి బ్యాంకు ఖాతాలో వేయించుకోవచ్చు. లేదా ఇద్దరూ కలిసి పోయి తీసుకోవచ్చు. పని దగ్గరే తినేందుకు చద్దన్నమో, శనగలో కట్టివ్వండి. ఆకలి తీరితే తాగాలనే యావ కొంత తగ్గుతుంది. ఇంటికి రాగానే అప్పుల లెక్క తీయకండి. ముందు అన్నం పెట్టండి. లెక్క మరునాడు పొద్దున ఇద్దరూ కూచుని రాయండి. మీకు ఇప్పుడు రాయడం వచ్చు. బియ్యానికి ఇంత, అప్పుకు ఇంత, ఆయన చేతి ఖర్చుకు ఇంత. చేతి ఖర్చు అసలే ఇవ్వకపోతే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. కొంచెం ఇవ్వండి.

పొదుపు సంఘంలో అప్పు తీసి వెంటనే ఆటో కొనివ్వాలని అనుకోకండి. కంతు కట్టలేకపోతే భారం మీ మీద పడుతుంది. కొన్ని నెలలు నిలకడ చూడండి.

మళ్లీ తాగితే

చాలామంది మొదటిసారే పూర్తిగా మానలేరు. జారితే అంతా పోయినట్టు కాదు. ఆ రోజే, లేదా మరునాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

పనికి పోలేని రోజు మేస్త్రికి "కడుపునొప్పి" అని మీరు అబద్ధం చెప్పకండి. మా అమ్మ ఏళ్ల తరబడి అట్లా చెప్పింది. దానివల్ల జబ్బు దాగింది గానీ తగ్గలేదు. ఆయన మాట ఆయనే చెప్పుకోవాలి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆయన తాగడానికి కారణం మీరు కాదు. మీరు సాయం చేయగలరు. ఆయన బదులు మీరు మానలేరు. తాగి కొడితే భరించాలని ఏ చట్టంలోనూ లేదు. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

తాగేది మనమైతే?

ఆడవాళ్లు కూడా తాగుతారు. ఒళ్లు నొప్పులకని మొదలుపెడతారు. తెలంగాణలో కల్లులో మత్తు మందులు కలిపి అమ్మిన చోట్ల, 2015లో ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. మగవాడు మానితే మెచ్చుకుంటారు. ఆడది మానితే "అయితే తాగేదా?" అంటారు. ఆ మాటకు భయపడి దాచుకోకండి. పైన చెప్పినవన్నీ మనకూ పనికొస్తాయి.

ఎవరిని అడగాలి?

తాగుడు మానడానికి సాయం కావాలంటే 14446కి ఫోన్ చేయండి. డబ్బు పడదు. మనసు బాగాలేకపోతే 14416కి చేయండి. జిల్లా ఆసుపత్రిలో అడగండి. మానిన వాళ్లు కలిసి కూచుని మాట్లాడుకునే సంఘం ఒకటి ఉంది. దాని పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో మొదలైంది. మన పట్టణాల్లోనూ కూటములు జరుగుతాయి. ఫీజు లేదు. మానాలనే కోరిక ఉంటే చాలు.

ఇప్పుడు

మా నాయన రెండోసారి పని ఒక ప్రహరీ గోడతో మొదలైంది. నేల మీద నిలబడి, సగం పూట. కూలి సగమే. నా పరీక్ష ఫీజు మా అమ్మ పొదుపు డబ్బుతో కట్టింది. ఆరు నెలల తర్వాత ఆయన మళ్లీ శ్లాబు పనికి పోయాడు. మధ్యలో ఇంకోసారి జారాడు. ఆ మరునాడు ఆయనే మేస్త్రి దగ్గరికి పోయి చెప్పాడు. ఆ తర్వాత తాగలేదు. ఇప్పటికీ శ్లాబు వేసిన రోజు కాంక్రీటు అయిపోగానే చేతులు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేస్తాడు. అమ్మ అన్నం వండి పెట్టి ఉంటుంది.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో కూలి ఏ రోజు, ఎక్కడ ఇస్తారు? అక్కడికి బ్రాందీ షాపు ఎంత దూరం?
2. మానిన మనిషికి మొదటి నెలలో చేయదగ్గ పనులు మీ ఊళ్లో ఏమున్నాయి? మూడు రాయండి.
3. మీ సంఘంలో ఎవరింట్లోనైనా ఒకరు మానితే, మిగతా వాళ్లు ఏ సాయం చేయవచ్చు?