బొమ్మలో చూపించిన చోట నొప్పి లేదు, కానీ అది అపెండిక్సే!

ఆదివారం రాత్రి మా రూమ్మేట్‌కి బొడ్డు చుట్టూ నొప్పి. నెపం బిర్యానీ మీదకి తోసేశాం. సోమవారానికి నొప్పి నడుం కుడిపక్కకి వెళ్లింది. రోజుకి 10 గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి నడుం నొప్పి రావడంలో వింతేముంది? వెంటనే ఆన్‌లైన్‌లో కొత్త కుర్చీ ఆర్డర్ పెట్టాడు. మంగళవారం పొద్దున వాంతి, ఒళ్లు వెచ్చగా ఉంది. క్లినిక్‌లో యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. ఫోన్‌లో వెతికితే అపెండిక్స్ అని కూడా వచ్చింది. కానీ బొమ్మలో చూపించిన చోట, పొట్ట కింద కుడివైపు, నొక్కి చూస్తే పెద్దగా నొప్పి లేదు. 'అయితే అది కాదులే' అనుకున్నాం. ఆ రాత్రి సీటీ స్కాన్‌లో తేలింది... అదే!

ఆ బొమ్మ తప్పేం కాదు, సగమే చెబుతుందంతే. పల్లెల్లో '24 గంటల నొప్పి' అనేది దీన్నే. పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే సన్నని గొట్టం అపెండిక్స్. సాధారణంగా 6 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది, కొందరిలో 20 దాకా పెరుగుతుంది. దాని మొదలు పేగుకి ఒకేచోట అతుక్కుని ఉంటుంది. కొస మాత్రం ఎటైనా తిరగొచ్చు. బ్రిటిష్ సర్జన్ సెసిల్ వేక్లీ 1933లో 10,000 మృతదేహాల లెక్క ప్రచురించారు. దాదాపు 65 శాతం మందిలో అది పేగు వెనక దాక్కుని ఉంది. 31 శాతం మందిలో కిందికి, మూత్రాశయం ఉండే వైపు దిగింది. తర్వాత వేరే దేశాల్లో లెక్కపెడితే ఈ అంకెలు చాలా మారాయనుకోండి.

గట్టిపడిన మలం లాంటిది అడ్డుపడితే గొట్టం వాస్తుంది. అపెండిక్స్ నరాలు, బొడ్డు దగ్గరి చర్మం నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే మెట్టు దగ్గర చేరతాయి. అందుకే మొదట బొడ్డు చుట్టూ నొప్పి. (మా బిర్యానీ నిర్దోషి!) వాపు పొట్ట లోపలి పొరని తాకాక నొప్పి ఒకచోట స్థిరపడుతుంది. ఏ చోటన్నది కొస ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ 1889లో చెప్పిన పాయింట్‌నే మనం బొమ్మల్లో చూస్తున్నాం. కొస పేగు వెనక ఉంటే, ముందున్న పేగు దిండులా అడ్డుపడుతుంది. పొట్ట నొక్కినా అంతగా తెలియదు. నడుం, డొక్క నొప్పి పెడతాయి, కుడికాలు వెనక్కి చాపితే ప్రాణం పోతుంది. కిందికి దిగితే మాటిమాటికీ యూరిన్, లేదా విరేచనాలు. యూరిన్ టెస్టులో చీముకణాలు కూడా కనిపించొచ్చు, మావాడి రిపోర్టులో కనిపించినట్టు. అవయవాలన్నీ అద్దంలోలా తిరగబడి పుట్టే అరుదైన మనుషుల్లో నొప్పి ఏకంగా ఎడమవైపే.

ఇలా చోటు తప్పిన నొప్పితో గంటలు గడిచిపోతాయి. ఈలోగా గొట్టం పగిలితే చీము పొట్టంతా పాకుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. మావాడిది పగలలేదు, కానీ కొస నల్లబడిందని సర్జన్ చెప్పారు.

ఆపరేషన్ అయిన మర్నాడు వాడి ఫోన్‌కి కాల్ వచ్చింది, నేనే ఎత్తాను. కుర్చీ డెలివరీ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని.