గారెకు చిల్లెందుకు?

పండగపూట మూకుట్లో నూనె కాగుతుంటుంది. తడిచేత్తో పిండిముద్ద తట్టి, వేలితో మధ్యన చిల్లు పెట్టి నూనెలోకి జారవిడుస్తుంటుంది అమ్మ. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నాలుగేళ్ళ పిల్ల అడుగుతుంది: "అమ్మా, గారెకు చిల్లెందుకు?"

మన ఇళ్ళలో దీనికి వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. "పొయ్యి దగ్గరకు రాకు." "అది అలాగే వెయ్యాలి." "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే, వెళ్ళి ఆడుకో." మొదటిది జాగ్రత్త కోసం అన్న మాట, తప్పుపట్టలేం. చిక్కంతా మిగతా రెండిటితోనే. పిల్ల అడిగింది చాలా మంచి ప్రశ్న. చిల్లు లేకపోతే పైభాగం ఎర్రగా వేగేసరికి నడిమి పిండి పచ్చిగా ఉండిపోతుంది. చిల్లు ఉంటే నూనె లోపలి వైపు నుంచీ తగిలి గారె అంతా సమంగా వేగుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పినా చాలు. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి, "చిల్లు లేకుండా ఒకటి వేసి చూద్దామా?" అంటే మరీ మంచిది. ఆ గారె విరిస్తే లోపలి తడిపిండి పిల్ల కంటికే కనిపిస్తుంది. ఒక్క గారె ఖర్చుతో అయ్యే ప్రయోగమది.

పిల్లల సృజన అనగానే ఇప్పుడు తల్లిదండ్రుల ఆలోచన వేసవి శిబిరాల మీదికో, నెలనెలా ఇంటికొచ్చే యాక్టివిటీ పెట్టెల మీదికో పోతోంది. పిల్లల కోసం పడే ఆ తపనను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఐదారేళ్ళలోపు పిల్లల కుతూహలానికి అసలు చోటు ఇల్లే. అందులోనూ పెద్దవాళ్ళ పని జరిగే చోటు.

లండన్‌లో బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకులు నాలుగేళ్ళ వయసున్న 30 మంది ఆడపిల్లల మాటలను ఇంట్లోనూ నర్సరీ బడిలోనూ రికార్డు చేశారు. ఆ పరిశోధన 1984లో పుస్తకంగా వచ్చింది. ఇంట్లో ఒక్కో పిల్ల సగటున గంటకు 26 ప్రశ్నలు అడిగింది. బడిలో అదే పిల్ల గంటకు రెండే అడిగింది. బడిలో బొమ్మలకూ పుస్తకాలకూ శిక్షణ పొందిన టీచర్లకూ లోటు లేదు. అయితే అక్కడ అడిగే పని ఎక్కువగా టీచర్లది, జవాబు చెప్పే పని పిల్లలది. ఇళ్ళలో తల్లులు పాఠాలేమీ చెప్పలేదు. ఇంటిపని చేసుకుంటూ, అన్నం పెడుతూ, సరుకుల చీటీ రాసుకుంటూ మాట్లాడారంతే. మధ్యతరగతి ఇళ్ళలోలాగే కార్మికుల ఇళ్ళలోనూ ఈ కబుర్లు నిండుగా సాగాయి.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు మన ఇళ్ళ గురించి బెంగ కలిగింది. మనం ఇంటినే నర్సరీ బడి చేసేస్తున్నాం. "ఇది ఏ కలర్? హౌ మెనీ బర్డ్స్? అంకుల్‌కి రైమ్ చెప్పు." ఇవన్నీ జవాబు ముందే తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు. పిల్లకు నిజంగా కావలసింది తెలుగులో నోటిదాకా వస్తే, ఇంగ్లీషులో అడగమని దిద్దుతాం. మాట వెతుక్కునేలోపు అడగాలన్న ఊపు చల్లారిపోతుంది.

మరో అలవాటు, అతిగా చూపించడం. 2011లో ఎలిజబెత్ బోనావిట్జ్, లారా షుల్జ్, వాళ్ళ సహ పరిశోధకులు గొట్టాలతో చేసిన ఒక కొత్త బొమ్మను చిన్నపిల్లలకిచ్చారు. ఒకచోట లాగితే కిచకిచమంటుంది. వేరేచోట్ల వెలుతురు, సంగీతం, అద్దం దాగి ఉన్నాయి. కొందరు పిల్లలకు "ఇదిగో, ఇలా ఆడాలి" అంటూ ఆ కిచకిచను చూపించి ఇచ్చారు. వాళ్ళు ఎక్కువగా దాన్నే లాగుతూ, త్వరగా వదిలేశారు. ఆ శబ్దం అనుకోకుండా వచ్చినట్టు నటించి ఇచ్చిన చోట పిల్లలు ఎక్కువసేపు తడిమారు, దాగినవాటిని ఎక్కువగా కనుక్కున్నారు. పెద్దలు చెప్పారంటే చెప్పవలసిందంతా చెప్పేసినట్టేనని పసివాళ్ళ లెక్క. మనల్ని నమ్మడం వల్లే వెతకడం ఆపేస్తారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

పల్లెల్లో వేసవి వస్తే పిల్లలు చేసుకునే ముంజకాయల బండిని గుర్తుచేసుకోండి. ముంజలు తినేశాక మిగిలిన రెండు కాయలను ఒక పుల్లకు అటూ ఇటూ గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోతారు. పుల్ల వంకరైతే బండి పక్కకు లాగుతుంది. కాయలు చిన్నాపెద్దా అయితే గుండ్రంగా తిరుగుతుంది. కాగితం మీద సూచనలేమీ ఉండవు కాబట్టే ప్రతి లోపాన్నీ పిల్లలే పట్టుకుని సరిచేసుకోవాలి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, పాత కాగితాలతో సైన్సు బొమ్మలు చేయిస్తూ దేశమంతా పంచింది ఇలాంటి అవకాశాన్నే. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అపార్టుమెంటులో ముంజకాయలు దొరక్కపోవచ్చు. అట్టపెట్టెలు, సీసా మూతలు, కొబ్బరిచిప్పలు, పాత చీర ముక్కలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. వాటికి ఒక మూల చోటిచ్చి, ఆ మూల చిందరవందరగా ఉన్నా ఓర్చుకోవాలి.

పిల్ల బొమ్మ గీస్తే కూడా మనం ఊరుకోం. "ఏనుగు నీలంగా ఉంటుందా?" అని రంగు మార్పిస్తాం, లేకపోతే చాక్లెట్టు ఆశ చూపిస్తాం. ఆ రెండోదీ మంచిది కాదని మార్క్ లెపర్ బృందం 1973లోనే చూపించింది. స్కెచ్ పెన్నులతో గీయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. కొన్నాళ్ళకు బహుమతి ఊసు లేకుండా పెన్నులు ముందు పెడితే, మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్ళు గీసిన సమయం సుమారు సగమే. నీలం ఏనుగును చూసి "ఇదెక్కడుంటుంది? ఏం తింటుంది?" అని అడగండి. కథ మొదలవుతుంది.

కథల సంగతికొస్తే మన దగ్గర గొప్ప పద్ధతే ఉంది. 1947లో మొదలైన 'చందమామ'ను ఇంటిల్లిపాదీ చదివిన కాలంలో, బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేసేవాడు. విక్రమార్కుడి జవాబు చదివేలోపు పత్రిక మూసి, "నువ్వైతే ఏం చెబుతావు?" అని తాతయ్యో అమ్మమ్మో అడిగితే మనవలు ఒక్కొక్కరూ ఒక్కో న్యాయం చెప్పుకుంటూ వాదించుకోవచ్చు. రాత్రిపూట ఏ కథకైనా ఇది పనికొస్తుంది. అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్‌లో మాట్లాడే నాయనమ్మకు "అన్నం తిన్నావా?" తర్వాత మాటలు దొరకడం లేదంటే, సగం కథ చెప్పి మిగతా సగం రేపు నువ్వు చెప్పు అనవచ్చు.

గారె లాంటి ప్రయోగాలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. బట్టలుతికే చోటే ఉన్న రసాయనశాస్త్రమిది. పాలు ఒక గిన్నెలో గోరువెచ్చగా, మరో గిన్నెలో బాగా చల్లగా ఉన్నప్పుడు తోడుపెట్టి, పొద్దున్నే రెండూ చూడమంటే చాలు, పిల్లలు మనకంటే ముందే నిద్రలేస్తారు.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, రాత్రి ఎనిమిదింటికి అలసి వచ్చిన మనిషి ఇన్ని ప్రశ్నలకు నిలబడగలరా అంటే, అన్నిటికీ నిలబడక్కర్లేదు. ఫోను చేతికిచ్చి ఊరుకోబెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, ఇంకా తగ్గిస్తే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోనుకు బదులు, "ఇప్పుడు ఓపిక లేదు కన్నా, రాసి పెట్టుకుందాం" అని ప్రశ్నను ఫ్రిజ్ తలుపు మీద చీటీగా అంటించండి. మాట తప్పకుండా ఆదివారం ఒకటి విప్పండి. తెలియకపోతే తెలియదనండి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. వీధి చివర పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ళలో ఎందుకు ముంచుతారో, దర్జీ కొలతకన్నా ఎక్కువ గుడ్డ ఎందుకు వదులుతాడో, పిండిమరలో రాయికి గాట్లెందుకో వాళ్ళనే అడగనివ్వండి. ఐదేళ్ళ పిల్ల నోరు తెరిచి అడిగితే, చేతిలో పని ఆపి చూపించేవాళ్ళు మన వీధుల్లో చాలామందే ఉన్నారు.