కొండకు పోయేవాడు, కొండలో ఉండేవాడు

కొండలెక్కడం ఒక సంస్కృతి అనగానే మనలో చాలామందికి అది తీరికవర్గాల వినోదంగా తోస్తుంది. ఈ అభిప్రాయం సగమే నిజం. దక్షిణ కొరియానే చూడండి. ఆ దేశంలో అధికభాగం కొండలే. రాజధాని సియోల్‌ను ఆనుకొని దాదాపు 836 మీటర్ల ఎత్తున బుఖాన్‌సాన్ ఉంది. 1983లో దాన్ని జాతీయ వనంగా ప్రకటించారు. సెలవునాడు నగరవాసులు, ముఖ్యంగా నడివయసువారు, జట్లుగా కొండెక్కి దిగి, మకొల్లి అనే బియ్యపు కల్లు తాగి ఇళ్ళు చేరతారు. వారానికి ఐదురోజుల పని అక్కడ 2004 నుంచి దశలవారీగా అమలైంది. సెలవుదినం లేనిదే కొండదారి లేదు. 1997 ఆర్థిక సంక్షోభంలో ఉద్యోగాలు పోయిన కొందరు, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక, ఆఫీసు దుస్తుల్లోనే బయలుదేరి కొండల్లో పొద్దుపుచ్చి వచ్చేవారు. వారికి కొండ వినోదం కాదు, మొహం దాచుకునే చోటు.

ఇటువంటి నడక మనకూ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలోని సలేశ్వరానికి చైత్రపౌర్ణమి రోజుల్లో గద్వాల, వనపర్తి పల్లెల నుంచీ హైదరాబాదు నుంచీ వేలాదిమంది వస్తారు. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు వదిలి అడవిలోకి మళ్ళాలి. కొంతదూరం పోయాక బండ్లు ఆగిపోతాయి, అక్కడినుంచి కాలినడకే. ఇక్కడ దేవుడి దగ్గరకు ఎక్కరు, లోయలోకి దిగుతారు. జలపాతం దగ్గరి గుహలో లింగమయ్య ఉంటాడు. పూజారులు చెంచులు.

వనపర్తి ప్రాంతంలో తెలుగు చెప్పే పంతులును నేను. కొన్నేళ్ళ కిందట నా పాత విద్యార్థులిద్దరితో అక్కడికి వెళ్ళాను. ఒకడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. రెండోవాడు అదే నగరంలో భవనాలకు సెంట్రింగు కొట్టే కూలీ. మొదటివాడు ‘ట్రెక్కింగ్’ అన్నాడు, రెండోవాడు ‘మొక్కు’ అన్నాడు. లోయ దిగేసరికి ఇద్దరి అంగీలూ ఒకే తీరుగా తడిశాయి. “ఏడాదిల నా కోసం నేను నడిచేది ఈ ఒక్క దినమే సార్” అన్నాడు రెండోవాడు. మొక్కు అనే మాటలో అతని సెలవు కూడా ఉంది.

తిరిగివచ్చి ఒక వ్యాసం రాసి సాహిత్యసభలో చదివాను. నల్లమలను ‘మానవస్పర్శ ఎరుగని ప్రకృతి’ అని వర్ణించాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక చెంచు విద్యార్థి లేచి, “మా పెంట మీదికెల్లే పోయిన్రు గద సార్, మేం కనపడలేదా?” అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు.

లోపం భాషలో లేదు, దృక్పథంలో ఉంది. చెంచులకు కొండ దృశ్యం కాదు, బతుకు. కొండచరియ మీది తేనెపట్టు కోసం తాడుకు వేలాడే మనిషికి ఆ తాడు పట్టేది బావమరిది అని ఇక్కడ చెప్పుకుంటారు. తోడబుట్టినదాని పసుపుకుంకాలు కాపాడేవాడినే నమ్మాలట. ఒక బంధుత్వం మీద ఆధారపడ్డ ఈ ఉత్పత్తి విధానాన్ని నేను ‘ఏకాంతం’ అన్న ఒక్క విశేషణంతో చెరిపేశాను. ఇవాళ అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జాతరకు రోజుల గడువు పెట్టారు; పెంటలను అడవి బయటికి తరలించే ప్రయత్నం సాగుతోంది. మనం చూసివచ్చే చోటునుంచే వారిని కదలమంటున్నారు.

అంతమాత్రాన నడకను నిరసించనక్కరలేదు. విశ్రాంతి శ్రమజీవి పోరాడి గెలుచుకున్న హక్కు. అడవి చూసివచ్చినవారికీ అడవిలో ఉన్నవారికీ మాట కలవడం అసాధ్యమూ కాదు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులతోపాటు రచయితలూ విద్యార్థులూ గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

కొండమీద రాసే యువరచయితలకు నా మనవి ఒకటే: మీ కాళ్ళ నొప్పి రాయండి, తప్పులేదు. ఆ దారి రోజూ ఎవరు నడుస్తున్నారో కూడా రాయండి. నా వ్యాసాన్ని నేను మళ్ళీ రాస్తున్నాను. ఈసారి అది పెంట దగ్గర మొదలవుతుంది.