కీక్రి తీగల మీద గోండుల యాది

బడి పుస్తకంల చరిత్ర అంటే ఏముంటది? రాజు, కోట, యుద్ధం, తేదీ. రాత లేని కాలం ముచ్చట ఒక్క పేజీల ఒడుస్తది: వేటాడిండ్రు, దుంపలు తిన్నరు, గుహలల్ల పన్నరు. గంతే. కానీ ఆ కాలం యాదిని పాటల దాచుకున్నోళ్లు మన ఆదిలాబాద్‌లనే ఉన్నరు. రాజ్‌గోండులు.

వాళ్ల పుట్టుక కథ గిట్ల సాగుతది. గోండుల తొలి పెద్దలు ఒక గుహల బందీ అయిండ్రు. పహండి కుపార్ లింగాల్, జంగుబాయి కలిసి వాళ్లను విడిపించిండ్రు. లింగాల్ వాళ్లను నాలుగు సగలుగ చేసిండు: ఏడుగురు అన్నదమ్ములోళ్లు, ఆరుగురోళ్లు, ఐదుగురోళ్లు, నలుగురోళ్లు. ఒక్క సగల పుట్టినోళ్లంత అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. వాళ్ల మధ్యల పెండ్లి ఉండది.

ఇది వట్టి కథ అనుకోకుండ్రి, ఇది చట్టం. పిల్లను వేరే సగ నుంచే తెచ్చుకోవాలె కాబట్టి ఒక సగకు ఇంకో సగతోని వియ్యం కుదురుతది. చుట్టరికం నాలుగు దిక్కులకు పోతది. కరువొచ్చినా, కొట్లాటొచ్చినా చెయ్యి పట్టుకునేటోడు ఉంటడు. కోర్టు లేదు, కాయిదం లేదు. పాటనే కట్టుబాటు. ఇయ్యాల్టికి సుత సంబంధం మాట్లాడేటప్పుడు "మీదే సగ?" అని అడుగుతరు.

ఈ పాటను మోసేటోళ్లు పర్‌ధానులు. చేతిల కీక్రి, మూడు తీగల వాయిద్యం. పెర్సాపేన్ కొలుపులల్ల ఆ వంశం కథ పాడుతరు. గోండు ఇండ్లోళ్లు గింజలు, పైసలు, పసులు ఇస్తరు. తండ్రి నుంచి కొడుకుకు నోటితోనే నేర్పుతరు. అంటే లైబ్రరీ మొత్తం ఒక మనిషి గొంతుల ఉన్నట్టు. పాటకు కూలి గిట్టకపోతే కొడుకు కూలికే పోతడు. అక్కడనే వరుస తెగుతది.

నా లెక్కల మనోళ్లు రెండు తప్పులు చేస్తున్నరు. కొందరు "పుక్కిటి పురాణం" అని కొట్టిపారేస్తరు. ఇంకొందరు "పదివేల ఏండ్ల సాక్ష్యం" అని వాట్సాప్‌ల తిప్పుతరు. రెండూ వద్దు. నోటి పాటల తరానికో ముచ్చట కలుస్తది. తేదీలు దాంట్ల దొరకయి. మనుషులు ఎట్ల కలిసి బతకాలనుకున్నరో అది దొరుకుతది.

హైమెండార్ఫ్ 1940లల్ల ఈ ఊర్లల్ల తిరిగి, కథలు విని, 1948ల పుస్తకం తెచ్చిండు. కానీ అది ఇంగ్లీషుల ఉన్నది, గూడెం పిల్లకు అందది. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన గోండి లిపి మాత్రం 2018ల యూనికోడ్‌ల చేరింది. కంప్యూటర్ల, ఫోన్లల్ల రాసుకునే తొవ్వ పడ్డది.

తమ్ముడూ, చెల్లే, గందుకే చెప్తున్న. మీ దగ్గర పర్‌ధాన్ పెద్దమనిషి ఉంటే పోయి కూసోండ్రి. ముందుగాల అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చెయ్యుండ్రి. కొలుపుకే పాడే పాటను రీల్స్‌ల పెట్టకుండ్రి. ఎవరు పాడిండ్రు, ఏ ఊరు, ఏ వంశం కథ, అర్థమేంది, అన్నీ రాసి పెట్టుండ్రి. ఆ కాపీ ఒకటి వాళ్ల ఇంటికే ఇయ్యుండ్రి.

ఇంకొక్క మాట. పెండ్లిల డీజేకు వేలకు వేలు పోస్తం. కీక్రి పట్టినోనికి ఆ లెక్కన ఇస్తే, వాని కొడుకు సుత కీక్రి పడ్తడు.